అద్దె పరిమితి: నిరూపించాల్సింది ఎవరు?

సన్నీవేల్‌లోనో, ఇర్వింగ్‌లోనో, జెర్సీ సిటీలోనో ఉండే తెలుగు కుటుంబానికి లీజు ముగియడానికి రెండు మూడు నెలల ముందు లీజింగ్ ఆఫీసు నుంచి వచ్చే ఈమెయిల్ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. మీరు మా కమ్యూనిటీలో ఉన్నందుకు సంతోషం అని ఒక వాక్యం, దాని కింద ఒక పట్టిక. ఆరు నెలలకు ఒక అద్దె, పన్నెండు నెలలకు మరొకటి, పదిహేను నెలలకు ఇంకొకటి. లీజు లేకుండా నెలనెలా ఉంటామంటే అన్నిటికన్నా ఎక్కువ. ఫలానా తేదీలోగా ఒకటి ఎంచుకుని పోర్టల్‌లో సంతకం చేయండి అన్నది చివరి మాట. ఈ పెంపు చట్టానికి లోబడి ఉందా, ఈ భవనానికి పరిమితి ఏదైనా వర్తిస్తుందా, వర్తిస్తే ఎంత అన్నది మాత్రం సాధారణంగా ఆ ఈమెయిల్‌లో కనిపించదు.

ఈమెయిల్ ఒకటే. చట్టం మూడు చోట్లా మూడు రకాలుగా జవాబిస్తుంది. సన్నీవేల్‌కు సొంతంగా అద్దె పరిమితి లేదు, కానీ కాలిఫోర్నియా రాష్ట్ర చట్టం ఉంది. ఏడాదిలో 5 శాతం, దానికి తోడు ధరల సూచీ ఎంత పెరిగితే అంత, రెండూ కలిపినా 10 శాతం దాటకూడదు. ఇర్వింగ్‌లో పరిమితి లేదు, పెట్టుకునే అధికారమూ ఆ నగరానికి లేదు. విపత్తు వచ్చి, గవర్నర్ ఆమోదిస్తే తప్ప ఏ పట్టణమూ అద్దెలను నియంత్రించరాదని టెక్సాస్ చట్టం చెబుతోంది. జెర్సీ సిటీలో 4 శాతం లేదా ధరల పెరుగుదల, రెండింట్లో ఏది తక్కువైతే అది. కాకపోతే ఆ నిబంధన ఏ భవనానికి వర్తిస్తుంది, దేనికి వర్తించదు అన్న తగవు అక్కడ ఏళ్లుగా నడుస్తోంది.

పత్రికల్లో శీర్షికకు ఎక్కేది శాతమే. 2019లో ఒరెగాన్ దేశంలోనే తొలిసారిగా రాష్ట్రమంతటికీ పరిమితి పెట్టినప్పుడూ, 2025 మేలో వాషింగ్టన్ రాష్ట్రం అదే బాట పట్టినప్పుడూ చర్చంతా ఏడా, పదా అన్న దాని చుట్టూనే తిరిగింది. నా దృష్టిలో అద్దెదారు హక్కు ఆ అంకెలో లేదు. పరిమితిని మించి అడిగే యజమాని తన లెక్క తాను చూపాలా, లేక అది తప్పని అద్దెదారే రుజువు చేసుకోవాలా? అడిగినందుకు ఇల్లు ఖాళీ చేయమనకుండా ఆపేదెవరు? ఈ రెండు ప్రశ్నలకూ గట్టి జవాబు ఉన్నచోట 10 శాతం పరిమితి కూడా కుటుంబానికి అండగా నిలుస్తుంది. జవాబు లేనిచోట 4 శాతం కూడా కాగితం దాటి రాదు.

శాన్ హోసేకు ఈ తగవు కొత్త కాదు. ఇవాళ తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో స్థిరపడ్డ ఆ నగరం, సాఫ్ట్‌వేర్ వలసలు ఊపందుకోకముందే, 1979లో అద్దె ఆర్డినెన్స్ తెచ్చుకుంది. అప్పట్లో ఏడాదికి 8 శాతం దాకా యజమాని తనంతట తాను పెంచుకునే వీలుండేది. అంతకు మించి పెంచితే, అద్దెదారు అభ్యంతరం చెబితే, ఆ పెంపు సమంజసమో కాదో విచారణాధికారి ముందు తేలాల్సి ఉండేది. ఆ అధికారి చూడాల్సినవి ఏడు అంశాలు. ఇంటి మీద ఉన్న అప్పు ఖర్చు, గతంలో అద్దె పెరిగిన తీరు, భవనం స్థితి, సౌకర్యాల్లో వచ్చిన మార్పులు, యజమాని చూపదలచుకున్న ఇతర ఆర్థిక వివరాలు, మార్కెట్లో అద్దెలు. ఇవి ఆరు. ఏడోది అద్దెదారు ఇబ్బంది. ఈ పెంపుతో ఆ కుటుంబం ఏ స్థితికి వస్తుందన్నది కూడా లెక్కలోకి తీసుకునే వీలుండేదన్నమాట.

109 ఇళ్లు అద్దెకిచ్చిన పెన్నెల్ అనే యజమాని, ఓనర్ల సంఘంతో కలిసి ఈ ఏడో అంశం మీద కోర్టుకెక్కారు. అద్దెదారు పేదరికం భారం నా నెత్తిన ఎందుకు వేస్తారన్నది ఆయన వాదన సారాంశం. కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1988 ఫిబ్రవరిలో ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్ట్ రాసిన తీర్పు ఆర్డినెన్స్‌ను నిలబెట్టింది. అద్దెదారు ఇబ్బంది చూసి ఏ ఒక్క ఇంటి అద్దెనైనా తగ్గించిన దాఖలా లేదు కనుక, ఆస్తి లాక్కున్నారన్న ఫిర్యాదుకు ఇంకా వేళ కాలేదంది. ఇద్దరి ప్రయోజనాలనూ తూచి చూసే పద్ధతి సహేతుకమేనని కూడా చెప్పింది. జస్టిస్ స్కాలియా విభేదించారు. పేదలకు ఇల్లు అందుబాటులో ఉంచడం సమాజం బాధ్యత అయితే దాన్ని పన్నులతో మోయాలి గానీ ఒక్క యజమాని మీద రుద్దడమేమిటన్నది ఆయన అభ్యంతరం.

ఆ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. ఆదాయం చాలని కుటుంబానికి ముందుగా అండ నిలవాల్సింది ప్రభుత్వమే. కానీ అందరి దృష్టీ ఏడో అంశం మీదే ఉండటంతో మిగతా ఆరింటి విలువ మరుగున పడింది. ఖర్చు పెరిగిందంటున్న యజమాని బిల్లులు తెచ్చి బల్ల మీద పెట్టాలి. అద్దెదారు వాటిని చదివి ప్రశ్నించవచ్చు. శాన్ హోసే ఇచ్చిన అసలు హక్కు ఇదీ. 2016లో నగర మండలి 8 శాతాన్ని 5కు దించింది, మరుసటి ఏడాది సరైన కారణం లేకుండా ఖాళీ చేయించరాదన్న రక్షణ కూడా చేర్చింది. పక్కనే ఉన్న మౌంటెన్ వ్యూలో 2016 నవంబరులో ఓటర్లే చట్టం రాసుకున్నారు. పెంపు ఏటా ధరల సూచీని బట్టి 2 నుంచి 5 శాతం మధ్య ఉండాలి. అంతకన్నా కావాలంటే యజమాని పిటిషన్ వేసి లెక్కలు చూపాలి. హీటర్ పనిచేయకపోయినా, ఉన్న సౌకర్యాన్ని తీసేసినా, అద్దె తగ్గించమని అద్దెదారు కూడా పిటిషన్ వేయవచ్చు.

ఇంత మంచి ఏర్పాటు ఎవరికి అందుతోంది? శాన్ హోసే ఆర్డినెన్స్ వర్తించేది 1979 సెప్టెంబరు 7కు ముందు కట్టిన, మూడు అంతకన్నా ఎక్కువ ఇళ్లున్న భవనాలకే. మౌంటెన్ వ్యూలో 1995 ఫిబ్రవరి ముందు కట్టిన వాటికే. 1995 నాటి కోస్టా-హాకిన్స్ అనే రాష్ట్ర చట్టం నగరాల చేతులు కట్టేసింది. కొత్త భవనాల మీద, విడి ఇళ్ల మీద, కాండోల మీద నగరాలు అద్దె పరిమితి పెట్టడానికి వీల్లేదంది. దాన్ని సడలించమనో రద్దు చేయమనో 2018లో, 2020లో, 2024లో మూడుసార్లు ప్రజల ముందుకు వెళ్తే మూడుసార్లూ ఓటర్లు కాదన్నారు. ఉద్యోగానికి దగ్గరగా, జిమ్ము, ఈతకొలను ఉన్న కొత్త కాంప్లెక్సుల్లో దిగే మన ఇంజినీర్లలో చాలామంది ఈ నగర చట్టాల నీడలోకే రారు.

వాళ్లకు మిగిలింది రాష్ట్ర చట్టం. 2019 అక్టోబరులో గవర్నర్ న్యూసమ్ సంతకం చేసిన ఏబీ 1482 ఇది. 2020 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఇందులోనూ మినహాయింపులున్నాయి. గత పదిహేనేళ్లలో కట్టిన భవనానికి వర్తించదు. ఈ గడువు ఏటా ముందుకు జరుగుతుంది. 2011లో నివాసయోగ్యతా పత్రం వచ్చిన కాంప్లెక్సులో ఉన్నవాళ్లకు 2026లో రక్షణ మొదలవుతుంది. ఆ సంగతి తెలియాలంటే ఆ పత్రం తేదీ తెలియాలి. అది నగర భవన నిర్మాణ విభాగం రికార్డుల్లో ఉంటుంది. రెన్యువల్ ఈమెయిల్‌లో ఆ తేదీ ఒక్కటి రాయించడానికి ఖర్చేమీ లేదు. అయినా ఎవరూ రాయరు.

అద్దెలో రాయితీలకు సంబంధించిన నిబంధన ఈ చట్టంలో నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించేది. కాంప్లెక్సు ఖాళీగా ఉన్న రోజుల్లో ఒక నెల అద్దె మాఫీ అని ప్రకటిస్తారు. అసలు అద్దె 3,600 డాలర్లు. మాఫీ చేసిన నెలను పన్నెండు నెలలకూ పంచితే కుటుంబం నెలకు కట్టేది 3,300. వాళ్ల లెక్కలో, వాళ్ల బడ్జెట్లో అద్దె అంటే 3,300. ఏడాది తిరిగింది. ధరల పెరుగుదల ఎక్కువగా ఉండి పరిమితి పూర్తి 10 శాతానికి చేరింది. చట్టం ప్రకారం పెంపును లెక్కించాల్సింది రాయితీని పక్కనపెట్టి, అసలు అద్దె మీద. కాబట్టి 3,600 మీద 10 శాతం, అంటే 3,960. కుటుంబం జేబులోంచి పోయేది 3,300 నుంచి 3,960కి ఎగబాకింది. సరిగ్గా 20 శాతం. పదికి మించకూడదన్న చట్టం కిందే ఇది జరుగుతుంది. అయితే అదే చట్టం ఇంకో మాట కూడా చెబుతోంది. అసలు అద్దె ఎంత, ఇచ్చిన రాయితీ ఎంత అన్నది లీజులో విడివిడిగా రాయాలి. అలా రాయకుండా 3,300 అని మాత్రమే ఉంటే, లెక్క 3,300 మీదే మొదలవ్వాలని, 3,630 దాటరాదని అద్దెదారు గట్టిగా వాదించవచ్చు. ఏడాదికి దాదాపు నాలుగు వేల డాలర్ల తేడా లీజులోని ఆ ఒక్క పేరాలో ఉంటుంది. పోర్టల్‌లో సంతకం పెట్టాలని తొందరపెట్టినప్పుడు చదవాల్సిన పేరా అదే.

న్యూయార్క్ సంగతి వేరు. అక్కడ అద్దె స్థిరీకరణ కింద దాదాపు పది లక్షల ఇళ్లున్నాయి. స్థూలంగా 1974కు ముందు కట్టిన, ఆరు అంతకు మించి ఇళ్లున్న భవనాలవి. మేయర్ నియమించే తొమ్మిది మంది సభ్యుల బోర్డు ఏటా వేసవిలో బహిరంగంగా ఓటేసి పెంపు నిర్ణయిస్తుంది. 2025 జూన్‌లో ఏడాది లీజుకు 3 శాతం, రెండేళ్ల లీజుకు 4.5 శాతం అంది. ఇదీ మార్గదర్శక పెంపు. దీన్ని మించడానికి యజమానులకు ఉన్న పాత దారి భవనానికి పెద్ద మరమ్మతులు. కొత్త బాయిలర్, కొత్త పైకప్పు, కొత్త కిటికీలు పెట్టించి, ఆ ఖర్చును అద్దెలో కలపమని రాష్ట్ర గృహ విభాగానికి దరఖాస్తు చేస్తారు. 2019కి ముందు ఈ దారిలో ఏటా 6 శాతం దాకా పెంచుకునే వీలుండేది. ఇంకా అన్యాయమేమిటంటే, ఖర్చు ఎనిమిది తొమ్మిదేళ్లలో రాబట్టుకున్నాక కూడా ఆ పెంపు అద్దెలో శాశ్వతంగా ఉండిపోయేది. డబ్బు ఎప్పుడో తీరిపోయిన బాయిలర్‌కు ఆ ఇంట్లో ఉన్నవాళ్లు ఇంకా వాయిదా కడుతూనే ఉండేవాళ్లు.

2019 జూన్ 14న వచ్చిన చట్టం దీన్ని సరిచేసింది. ఏడాదికి 2 శాతానికి దించింది. ముప్పై ఏళ్ల తర్వాత ఆ పెంపును తీసేయాలంది. ప్రమాదకరమైన ఉల్లంఘనలు సరిచేయకుండా ఉన్న భవనానికి అసలు అనుమతే ఇవ్వరాదంది. అనుమతించిన పెంపుల్లో నాలుగో వంతును ఏటా తనిఖీ చేయాలంది. యజమానుల సంఘాలు ఈ చట్టం మీద సుప్రీంకోర్టు తలుపు తట్టినా 2024 ఫిబ్రవరిలో కోర్టు వినడానికి నిరాకరించింది. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది వేరే ఏర్పాటు, అది పాతదే. స్థిరీకరణ కింద ఉన్న ఇంటి అద్దె యజమాని ఏటా రాష్ట్రంలో నమోదు చేయాలి. తన ఇంటికి ఏ ఏడు ఎంత అద్దె నమోదైందో ఆ చరిత్ర కావాలని అద్దెదారు ఒక్క దరఖాస్తు పెడితే చాలు. ఎక్కువ వసూలు చేసినట్టు బయటపడితే ఫిర్యాదు చేసి వెనక్కి రాబట్టుకోవచ్చు. క్వీన్స్‌లో పాత భవనాల్లో ఉంటున్న మనవాళ్లు ఎంతమంది ఆ కాగితం తెప్పించుకుని ఉంటారు?

హడ్సన్ నది దాటి న్యూజెర్సీకి వస్తే రాష్ట్రవ్యాప్త పరిమితి లేదు. 1973లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఫోర్ట్ లీ కేసులో పట్టణాలకు అధికారం ఉందన్నాక వందకు పైగా పట్టణాలు తమ తమ నిబంధనలు పెట్టుకున్నాయి. నిబంధన లేని ఊళ్లలో కూడా 1974 నాటి చట్టం ఒక అడ్డు వేసింది. పెంపు మనస్సాక్షికి విరుద్ధంగా ఉంటే, దాన్ని కట్టలేదని అద్దెదారును ఖాళీ చేయించరాదు. పెంపు అలాంటిది కాదని రుజువు చేసే బరువు యజమానిదేనని 1996లో అప్పీలు కోర్టు తేల్చింది. పెంపు పరిమాణం, యజమాని ఖర్చులు, లాభం, చుట్టుపక్కల అద్దెలు, ఇద్దరిలో బేరమాడే శక్తి ఎవరికి ఎంత అన్నవి చూడాలంది. నేను మొదట వేసిన ప్రశ్నకు ఇంత సూటిగా జవాబిచ్చిన రాష్ట్రం మరొకటి కనిపించదు. కానీ ఈ రక్షణ చేతికి రావాలంటే అద్దెదారు పెంపు కట్టనని చెప్పాలి, యజమాని ఖాళీ చేయించమని కేసు వేయాలి, ఆ కేసులో అద్దెదారు నిలబడి వాదించాలి. కోర్టు సమన్లంటేనే వణికే కుటుంబం అంత దూరం వెళ్తుందా? హక్కు ఉంది, దానికి వెళ్లే దారి మాత్రం భయం గుండా వేశారు.

జెర్సీ సిటీ నదీతీరంలో పోర్ట్‌సైడ్ టవర్స్ నివాసులు మాత్రం వెళ్లారు. 2022లో పెద్ద పెంపులు వచ్చాక వాళ్లు సంఘం పెట్టుకుని పాత రికార్డులు తవ్వారు. కొత్త భవనాలకు ముప్పై ఏళ్ల దాకా అద్దె నియంత్రణ నుంచి మినహాయింపు ఇచ్చే రాష్ట్ర చట్టం ఒకటుంది. కానీ అది దానంతటదే రాదు. నివాస పత్రం రాకముందే యజమాని నగర అధికారి దగ్గర రాతపూర్వకంగా మినహాయింపు కోరాలి, లీజు రాసేముందు అద్దెదారుకూ ఆ సంగతి రాసివ్వాలి. ఆ దాఖలు సరిగా జరగలేదన్నది వాళ్ల వాదన. నగర అద్దె నియంత్రణ బోర్డు వాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. వ్యవహారం కోర్టులకెక్కింది. ఫలితం ఏదైనా, ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్లు మున్సిపల్ ఫైళ్లు చదివిన ఆ నివాసులు చేసిన పని నిజానికి నగరం చేయాల్సింది. మినహాయింపు కాగితం ఉందో లేదో ప్రతి భవనం విషయంలోనూ నగరం దగ్గర జాబితా ఉండి తీరాలి.

టెక్సాస్ దగ్గర ఎక్కువ సేపు ఆగక్కర్లేదు. ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో ఎక్కడైనా లీజు ముగిశాక యజమాని అడిగినంతే అద్దె. ఉన్న రక్షణ ఒక్కటే. మరమ్మతు అడిగినందుకో, నగర అధికారులకు ఫిర్యాదు చేసినందుకో, అద్దెదారుల సంఘంలో చేరినందుకో ఆరు నెలల లోపు అద్దె పెంచి కక్ష తీర్చుకోరాదని చట్టంలో ఉంది. చెప్పుకోవాల్సింది మరొకటుంది. ఆ ఊళ్ల మధ్యనే ఉన్న రిచర్డ్‌సన్ నుంచి నడిచే రియల్‌పేజ్ సంస్థ సాఫ్ట్‌వేర్ దేశమంతటా లక్షల ఇళ్లకు అద్దెలు సూచిస్తోంది. పోటీదారులైన యజమానుల రహస్య సమాచారాన్ని ఒకచోట కలిపి అద్దెలు పెంచేలా చేస్తోందని 2022 అక్టోబరులో ప్రోపబ్లికా వార్తాసంస్థ బయటపెట్టింది. 2024 ఆగస్టులో కేంద్ర న్యాయశాఖ ఎనిమిది రాష్ట్రాలతో కలిసి కేసు వేసింది. సంస్థ ఆరోపణలను ఖండించింది, తర్వాత రాజీకి వచ్చింది. పట్టికలో కనిపించే అంకె వెనుక మనిషి నిర్ణయం ఉందో యంత్రం లెక్క ఉందో అద్దెదారుకు తెలియని చోట, బేరమాడటమనే పాత హక్కు కూడా కరిగిపోతుంది.

అద్దె పరిమితి మీద ఆర్థికవేత్తల అభ్యంతరాలను దాటేసి ముందుకు వెళ్లడం నిజాయితీ కాదు. శాన్ ఫ్రాన్సిస్కో 1994లో చిన్న భవనాలకు కూడా నియంత్రణ విస్తరించినప్పుడు ఏం జరిగిందో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2019లో లెక్కగట్టారు. ఉన్న అద్దెదారులు అదే ఇంట్లో నిలదొక్కుకున్నారు. కానీ ఆ యజమానులు అద్దెకిచ్చే ఇళ్లను 15 శాతం తగ్గించారు, నగరంలో అద్దెలు సుమారు 5 శాతం పెరిగాయి. మిన్నెసోటాలోని సెయింట్ పాల్ 2021లో కొత్త భవనాలతో సహా అన్నిటికీ 3 శాతం పరిమితి పెట్టింది. నిర్మాణ అనుమతులు పడిపోవడంతో మరుసటి ఏడాదే కొత్త భవనాలకు ఇరవై ఏళ్ల మినహాయింపు ఇచ్చింది. 2025లో 2004 తర్వాత కట్టిన వాటన్నిటినీ శాశ్వతంగా తప్పించింది. ఇళ్లు కట్టకుండా అద్దెలు దిగవు. దాన్ని కాదనేవారితో నేను ఏకీభవించను. అయితే ఈ అధ్యయనాలు చెప్పేది పరిమితి ఎంత బిగువుగా ఉండాలన్న దాని గురించి. పరిమితి మించినప్పుడు కారణం చూపమనడం వల్ల ఏ ఊళ్లోనూ నిర్మాణం ఆగదు. పదిహేనేళ్ల మినహాయింపు కొత్త నిర్మాణానికి తగినంత చోటిస్తోంది. ఆ మినహాయింపు ఏ భవనానికి ఎప్పటిదాకా అన్నది బహిరంగంగా చెప్పమంటున్నాం, అంతే.

మినహాయింపులు చట్టాన్ని ఎలా తినేస్తాయో మనకు తెలియంది కాదు. హైదరాబాద్‌లో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కింద న్యాయమైన అద్దె నిర్ణయించమని రెంట్ కంట్రోలర్‌ను అడిగే వీలుండేది. 2005లో చేసిన సవరణతో నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలన్నీ ఆ చట్టం బయటికి పోయాయి. ఇవాళ ఆ అద్దెకు కుటుంబం ఉండదగ్గ ఫ్లాట్ ఎక్కడుంది? అద్దె గురించి ఏ కార్యాలయం గడపా తొక్కని అలవాటుతో పెరిగినవాళ్లం అమెరికా వచ్చాం. ఓనర్ చెప్పిందే ధర, నచ్చకపోతే ఖాళీ చేయడమే అన్న మాట మన నోట తేలిగ్గా వస్తుంది.

ఆ మాట వెనుక వీసా భయం కూడా ఉంది. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో మరొకటి దొరకాల్సిన హెచ్‌-1బీ కుటుంబం ఏ తగవులోనూ పేరు రాకూడదనుకుంటుంది. తమ మీద కేసు పడితే అది నేపథ్య తనిఖీలో కనిపించి తర్వాతి ఇల్లు దొరకదేమోనని భయపడుతుంది. ఖాళీ చేద్దామంటే పిల్లల బడి పరిధి మారిపోతుంది. గ్రీన్‌కార్డు వరసలో పదేళ్లకు పైగా గడిపే కుటుంబానికి అద్దె ఇల్లు తాత్కాలిక మజిలీ కాదు, పిల్లలు పెరిగి పెద్దయ్యే ఇల్లు. అందుకే ఈ విషయం సూటిగా చెప్పాలి. అద్దె చట్టాల రక్షణకు పౌరసత్వం అక్కర్లేదు. వలస స్థితిని బయటపెడతానని యజమాని బెదిరించడం కాలిఫోర్నియాలో 2017 చట్టం ప్రకారం నేరుగా నిషిద్ధం. హక్కు అడిగినందుకు కక్ష సాధిస్తే అది వేరే నేరం కాకపోయినా, నష్టపరిహారానికి దారితీసే తప్పు. ఏబీ 1482 పరిమితిని మించి అద్దె కడతానని అద్దెదారు సంతకం చేసినా ఆ ఒప్పుకోలు చెల్లదు. 2024 ఏప్రిల్ నుంచి అమలవుతున్న సవరణ ప్రకారం యజమాని కావాలని ఉల్లంఘిస్తే మూడు రెట్ల దాకా పరిహారం కట్టాల్సి రావచ్చు, అటార్నీ జనరలే స్వయంగా కేసు వేయవచ్చు.

ఇంకో వైపూ మనవాళ్లే ఉన్నారు. బే ఏరియాలో, డాలస్‌లో రెండో ఇల్లు కొని అద్దెకిచ్చిన తెలుగు ఓనర్లు తక్కువేం కాదు. విడి ఇల్లు కాబట్టి మాకు ఏబీ 1482 వర్తించదని వాళ్లలో చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. యజమాని మామూలు వ్యక్తి అయి ఉండాలి. కార్పొరేషన్ పేరు మీదో, కార్పొరేషన్ సభ్యత్వం ఉన్న ఎల్‌ఎల్‌సీ పేరు మీదో ఉంటే మినహాయింపు పోతుంది. వ్యక్తి పేరు మీదే ఉన్నా, చట్టం చెప్పిన మాటలతో మినహాయింపు నోటీసు లీజులో ఇచ్చి తీరాలి. ఇవ్వకపోతే ఆ విడి ఇంటికీ అద్దె పరిమితి, సరైన కారణం ఉంటేనే ఖాళీ చేయించాలన్న నిబంధన రెండూ వర్తిస్తాయి. తల్లిదండ్రులు వచ్చి ఉంటారని చెప్పి ఖాళీ చేయిస్తే వాళ్లు తొంభై రోజుల్లో దిగాలి, కనీసం పన్నెండు నెలలు ఉండాలి. సాటి తెలుగువాడే కదా అని నోటిమాటతో నడిచే ఏర్పాట్లలో ఇద్దరూ ఇరుక్కునే చోట్లివి.

ఇన్ని రాష్ట్రాల నిబంధనలు చదివాక నాకు తోచేది, శాతాల మీద జరిగే పోరాటంలో సగం శక్తినైనా సమాచారం మీద పెట్టాలని. ప్రతి రెన్యువల్ నోటీసులో నాలుగు విషయాలు తప్పనిసరి చేయాలి. భవనానికి నివాస పత్రం వచ్చిన తేదీ, వర్తించే పరిమితి, లెక్కకు ఆధారమైన అసలు అద్దె, మినహాయింపు కోరుతుంటే దాని చట్ట ఆధారం. ఇవి లేని నోటీసు చెల్లకూడదు. న్యూయార్క్ తరహా అద్దె నమోదు ప్రతి రాష్ట్రంలో ఉండాలి. వాలెట్ ట్రాష్, టెక్ ప్యాకేజీ, పెస్ట్ కంట్రోల్ అంటూ తప్పనిసరిగా వసూలు చేసే రుసుములన్నీ అద్దెగానే లెక్కించాలి. తప్పించుకునే వీల్లేని రుసుముకు వేరే పేరు పెట్టినంత మాత్రాన అది అద్దె కాకుండా పోదు. మన సంఘాల పని కూడా ఇక్కడుంది. తానా, ఆటా, నాట్స్ మహాసభల్లో ఇమ్మిగ్రేషన్ సదస్సులుంటాయి, ఇళ్ల స్థలాల స్టాళ్లుంటాయి. లీజు పట్టుకొచ్చినవాళ్లకు ఏ పరిమితి వర్తిస్తుందో చూసి చెప్పే న్యాయవాది బల్ల ఒకటి వేయడం వాళ్లకు భారం కాదు.

ఏబీ 1482 తాత్కాలిక చట్టం. 2030 జనవరి 1తో దాని గడువు తీరుతుంది. కాలిఫోర్నియా శాసనసభకు ఎన్నికైన తొలి భారతీయ అమెరికన్, శాన్ హోసే ప్రతినిధి యాష్ కాల్రా 2025లో ఏబీ 1157 ప్రవేశపెట్టారు. గడువు ఎత్తేయాలి, పరిమితిని 5 శాతానికి దించాలి, విడి ఇళ్లను కూడా చేర్చాలి అన్నది అందులోని ప్రతిపాదన. ఆ ఏడాది అది ముందుకు సాగలేదు. విడి ఇళ్ల విషయంలో యజమానుల సంఘాలు గట్టిగా ఎదురునిలిచాయి. పరిమితి ఎంత ఉండాలన్న దానిలో రాజీకి చోటుంది, గడువు పొడిగించడంలో మాత్రం ఉండకూడదు. శాక్రమెంటోలో కమిటీ విచారణకు వచ్చి మాట్లాడటానికి, తన ప్రతినిధికి ఉత్తరం రాయడానికి ఓటు హక్కు ఉండాలన్న నిబంధన లేదు. యజమానుల సంఘాలు ప్రతి విచారణకూ వస్తున్నాయి. తమ రెన్యువల్ నోటీసు, పాత లీజు పట్టుకుని హెచ్‌-1బీ అద్దెదారులు కూడా ఆ గదిలో కూర్చోవడానికి 2030 దాకా ఆగక్కర్లేదు.